డానియల్ డబ్బా

షాద్‌నగర్ దాటాక ఉన్న మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో డానియల్ ఎనిమిదేళ్లు పనిచేశాడు. కంప్యూటర్లు, వాటిని కలిపే వైర్లు, అన్నీ ఆయనే చూసేవాడు. అవి నడిచినంతకాలం ఆయన ఉన్నాడో లేడో ఎవరికీ గుర్తుండేది కాదు. ఆగిపోతే మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ కూడా ఆయన పేరే పలవరించేవాడు. నేను స్టోర్స్ గుమాస్తాను, గురవయ్యను. పలవరించినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచేదేముంది.

ఆయన ఊరు మర్రిగూడ. అక్కడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు ఎట్లా గారపట్టి ఉంటాయో తెలిసిందే. అందుకే పెదవులు విప్పి నవ్వేవాడు కాదు. మేం దాన్ని పొగరు అనుకున్నాం. నలభై దాటినా పెళ్లి లేదు, రైల్వే స్టేషన్ వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌కు రాకుండా తన గదిలోనే టిఫిన్ విప్పుకునేవాడు. రమ్మని మేమూ ఏనాడూ పిలవలేదు.

ఆ గది మూలన ఒక నల్ల డబ్బా ఉండేది. బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ ముందు దానిలో వడపోసుకుని, తర్వాత మా కంప్యూటర్లకు చేరేది. ఫైర్‌వాల్ అంటారట. మేం డానియల్ డబ్బా అనేవాళ్లం.

రెండేళ్ల కిందట దసరా పోయిన వారానికి ఆ డబ్బా మొరాయించింది. పూర్తిగా చచ్చినా బాగుండేది. గంట నడిచేది, రెండు నిమిషాలు పోయేది, మళ్లీ వచ్చేది. లారీ గేటు దాటాలంటే ఇంటర్నెట్‌లో తీసే ఈ-వే బిల్లు కావాలి. బిల్లు సగంలో ఉండగా లైను పోయేది. డ్రైవర్లు మమ్మల్ని తిట్టేవాళ్లు, మేం డానియల్‌ను తిట్టేవాళ్లం.

ఆయన కేబుల్ మార్చాడు. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాడు. వేగం తగ్గించి చూస్తే ఒక పూట నిలబడి, మళ్లీ మొదటికే వచ్చింది. లైను పోయిన ప్రతిసారీ టైము నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ముసురు పట్టిన రోజుల్లో ఎక్కువ పోతోందని తప్ప ఇంకేమీ తేలలేదు. డబ్బాలోని నెట్‌వర్క్ కార్డు మీదే అనుమానంగా ఉందని చెబితే, అనుమానానికి కొత్త కార్డు రాదన్నాడు మేనేజర్. సోమవారంలోగా లైను నిలబడాలి, కారణం కాగితం మీద రాసివ్వాలి. లేదంటే హైదరాబాద్ కంపెనీ ఒకటి అక్కడ కూర్చునే అన్నీ చూసుకుంటానంటోంది, డానియల్ ఇంటికి పోవచ్చు. ఈ మాట అందరి ముందే అన్నాడు. డానియల్ తల ఊపి తన గదిలోకి పోయాడు. వెనకాల మేం ఎవరం పోలేదు.

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. చర్చి మానుకుని వచ్చాడట. డబ్బా వెనక భాగం గోడవైపు, మధ్యలో చెయ్యి దూరేంత సందు. అందుకే మూడు వారాలుగా కేబుళ్లు తడుముకుంటూనే మారుస్తున్నాడు. ఆ రోజు వైర్లన్నీ పీకి, డబ్బాను బయటికి లాగి వెలుతురుకు తిప్పాడు. కార్డుకు కేబుల్ దూర్చే చోట చుట్టూ పసుపు, దాని మీద కుంకుమ. తడిగా పూసిన పసుపు లోపలి సన్నటి తీగల దాకా పోయింది. కొత్త కేబుల్ పెట్టినప్పుడల్లా తనే దాన్ని మరింత లోపలికి తోశాడు. గాలిలో తేమ పెరిగితే లైను పోయేది అందుకే.

దసరాకు మా దగ్గర ఆయుధపూజ ఘనంగా చేస్తాం. కటింగ్ మిషన్ నుంచి తూకం కాంటా దాకా అన్నిటికీ బొట్టు, బంతిపూలు. డానియల్ ఆ పూట రాడు, మనకెందుకులే అని మేం ఆ గది జోలికి పోం. మరి ఇదెవరి పని? సోమవారం పొద్దున ఊడవడానికి వచ్చిన బాలనర్సమ్మను అడిగాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఆ ఏడే కాంట్రాక్టర్ కింద చేరింది. ఆమె ఏమీ దాచలేదు.

“నేనే పెట్టిన సారూ. అన్నిటికి పెట్టిన్రు, నీ డబ్బను ఎవ్వలు తల్వలే. పండుగపూట గట్ల బోడిగ ఉంచుడు నాకు మంచిగనిపియ్యలే. లైట్లు మినుకుమంటున్న దిక్కే మొఖమనుకొని సందుల చెయ్యివెట్టి పెట్టిన. ఏమన్న తప్పైందా?”

ఏం కాలేదవ్వా, నీ పని చూసుకో అన్నాడట.

స్పిరిట్‌తో తుడిచాక లైను ఒక్కసారి కూడా పోలేదు. ఇక కారణం రాయడమే మిగిలింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే తన ఉద్యోగం నిలుస్తుంది, బాలనర్సమ్మది ఆ సాయంత్రమే పోతుంది. డానియల్ రెండు ముక్కలే రాశాడు: కార్డులో దుమ్ము పేరుకుంది, వేళకు శుభ్రం చేయకపోవడం నా తప్పు. దుమ్ము దులపడం కూడా చేతకానివాడు మనకెందుకన్నాడు మేనేజర్. నెలాఖరుకు పంపేశారు. పోయేరోజు ఒక చాయ్ తాగిపొమ్మని కూడా మేం అనలేదు. లోపల మాకూ అదే అనిపించింది మరి, ఇంత చిన్నదానికి మూడు వారాలు తిప్పలు పెట్టాడని.

డిసెంబర్‌లో బాలనర్సమ్మ ఫినాయిల్ కోసం స్టోర్స్‌కు వచ్చి, డానియల్ సారు ఎటు పోయిండని అడిగింది. మాటల్లో ఆ బొట్టు సంగతి చెప్పింది. తను బొట్టు పెట్టబట్టే డబ్బా మళ్లీ మంచిగైందని ఆమె నమ్మకం. డానియల్ రాసిచ్చిన దుమ్ము ఏమిటో నాకప్పుడు వెలిగింది. అదే రోజు ఫోన్ చేశాను. ఎనిమిదేళ్లలో పని లేకుండా ఆయనకు చేసిన మొదటి ఫోన్ అది. కొత్తకోటలో, హైవే మీది హోటళ్లకు కెమెరాలు బిగిస్తున్నాడట. ఎంత గుచ్చి అడిగితేనో మిగతాదంతా చెప్పాడు. నాకు కోపమే వచ్చింది. ఒక్కమాట నాతోనైనా చెప్పొద్దా, నేను మేనేజర్ కాళ్లావేళ్లా పడేవాణ్ని కదా, ఆమెకూ ఏదో ఒక దారి చూసేవాళ్లం కదా అన్నాను.

ఆయన వెనక లారీల చప్పుడు వినబడింది.

“ఎనిమిదేండ్లల నా అర్రల నా కోసం ఎవ్వలన్న ఒక్క పని చేసిన్రంటె గదొక్కటే గురవన్నా. దాన్ని తప్పని నా చేతితోని ఎట్ల రాయాలె?”

ఆ ఎనిమిదేళ్లూ నేను ఆయన గది గోడకు ఇవతలే కూర్చున్నాను.