ఆయన చెయ్యి దానంతటది ఆగలేదు

నా పేరు పెంచలమ్మ. వయసు డెబ్బై మూడు. సొంతూరు రాయచోటి పక్కన. ఇప్పుడు మస్కట్ దగ్గర అల్ అమెరాత్‌లో కొడుకు, కోడలు, మనవరాలు శైలజతో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే శైలజ టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా మార్చొద్దని చెప్పాను.

నిన్న పొద్దున చపాతీ పిండి కలుపుతుంటే శైలజ ఫోన్ తెచ్చి ముందు పెట్టింది.

"అవ్వా, ఈయన మీ యాన్ సారే గదా? పోయినాడంట."

చేతులు పిండిలోనే ఉండిపోయాయి.

హాలెండ్ నుంచి వచ్చి మస్కట్‌లో బొమ్మలు వేసిన మనిషి. ఎనభైల చివర్లో చేరి ఏడేళ్లు అక్కడే అజైబాలో ఆయన ఇంట్లో పని చేశాను.

ఆ బొమ్మల్లో మనిషి ఉండడు, చెట్టు ఉండదు. ముందుగా అనుకోవడమూ ఉండదు. రంగు డబ్బా తెరిచి కాన్వాస్ మీద కొట్లాటకు దిగినట్టు దిగేవాడు.

ఫోన్‌లో ఆయన పక్కన ఒక పసుపు బొమ్మ ఫోటో ఉంది. దాని కింద ఏం రాశారో చదివించుకున్నాను. ఎక్కడ ఆపాలో ఆయన చేతికే తెలుసట.

నాకు ఒళ్లు మండింది.

ఆ చేతికి మొదలుపెట్టడం తెలుసు, అంతే. పొద్దున కళకళలాడే బొమ్మ మధ్యాహ్నానికి బురదయ్యేది. తీసి బయట పడేసేవాడు.

ఒకరోజు స్టూడియో గుమ్మం దగ్గర నిలబడి, "సార్, దూద్ ఖలాస్" అన్నాను. పాలు అయిపోయాయని. ఇక్కడ ఏది అయిపోయినా అందరం అనే అరబ్బీ మాట అది.

ఆయనకు దూద్ వినపడలేదు. ఖలాస్ వినపడింది. బ్రష్ కింద పెట్టాడు. వెనక్కి జరిగి చాలాసేపు చూశాడు. సగం కాన్వాస్ తెల్లగానే ఉంది.

నిన్న ఫోటోలో ఉన్నది ఆ పసుపు బొమ్మే. ఆ తెలుపు గురించి ఏదేదో గొప్పగా రాశారు.

అది పాలు లేని రోజు.

ఆ తర్వాత రోజూ పిలుపే. "అమ్మా, ఖలాస్?" తడి చేతులతో వెళ్లి చూసేదాన్ని. "నో సార్" అంటే ఇంకా వేసేవాడు. "ఖలాస్" అంటే ఆపేవాడు. సంగటి గెలికే ఆడదానికి కట్టె ఎప్పుడు తీయాలో తెలియదా?

తర్వాత ఒక హోటల్లో బొమ్మలన్నీ పెట్టారు. నేను జ్యూస్ ట్రే పట్టుకుని ఆయన వెనకే ఉన్నాను. బొమ్మ పూర్తయిందని మీకెలా తెలుస్తుందని ఒకావిడ అడిగింది.

"ఐ జస్ట్ నో" అన్నాడు, తనకు తెలిసిపోతుందంతేనని.

ఆపాటి ఇంగ్లీషు నాకు వచ్చు.

మర్నాడు నాలుగుసార్లు పిలిచాడు. నేను బట్టలు ఆరేస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి కాన్వాస్ పేడ రంగుకు వచ్చింది. బయటికొచ్చి అరిచాడు.

"ఆప్‌కో మాలూమ్ బోలా నా సార్. ఆప్ దేఖో" అన్నాను. మీకే తెలుసన్నారు గదా, మీరే చూసుకోండని.

డ్రైవర్ గంగారాం కారు తుడుస్తూ నవ్వాడు. "ఇగ నీ డ్యూటీ ఖలాసే అక్కా."

డ్యూటీ పోలేదు. నేను లేకపోతే ఆయనకు నడవదు. అయిదో రోజు నేనే వెళ్లి ఖలాస్ చెప్పాను. మంచి రంగు పాడవుతుంటే చూడలేకపోయాను. అందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

ఒమన్ వదిలి వెళ్లేరోజు వంటింట్లోకి వచ్చి నా రెండు చేతులు పట్టుకున్నాడు. తన బొమ్మలు పూర్తి చేసింది నేనేనని హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పాడు. పెట్టెలు మోస్తూ గంగారాం కూడా విన్నాడు.

"ఈ మాట వంటింట్లో యాల సార్? ఆ పొద్దు హోటల్లో జెప్పాల్సింది" అన్నాను. గంగారాం దాన్ని హిందీలో చెప్పాడు.

సార్ నా చేతులు వదిలి వెళ్లి కారెక్కాడు.

ఇక ఆయన చెప్పలేడు. అందుకే నేను చెబుతున్నాను. వేసింది ఆయన. ఆపింది నేను. ఆ బొమ్మలు గోడకు పెట్టుకున్నవాళ్లకు ఇది తెలియాలి.

సార్, నా కోపం నా దగ్గరే ఉంటుంది. మీరు ప్రశాంతంగా పడుకోండి.

పెంచలమ్మ వేలిముద్ర (దీంతో పెట్టిన ఫోటోలో ఉంది)

సాక్షులు: గంగారాం, ఫోన్‌లో మొత్తం విని ఒప్పుకున్నాడు
శైలజ, రాసినది