కోల్బీ పేరు మీద వచ్చిన ఉత్తరం

కెంటకీ కొండల్లో బొగ్గుగని మూతపడ్డ ఊళ్లో, పన్నెండో తరగతి చదివే మార్లీ బడి బస్సు దిగగానే ఇంటిముందు తపాలాపెట్టె తెరుస్తుంది. ప్రవేశపరీక్ష రాసిన పిల్లలకు కాలేజీలు పంపే ఉత్తరాల కవర్లను అంచు చిరగకుండా గోరుతో విప్పుతుంది. "నీలాంటి విద్యార్థి కోసమే చూస్తున్నాం మార్లీ" అని ఉంటుంది ప్రతిదాంట్లో. గీతల కాగితం మీద, ఒక్క కొట్టివేత లేకుండా, అన్నిటికీ జవాబు రాస్తుంది. "ఎవరే నీకిన్ని ప్రేమలేఖలు రాసేది?" అని నవ్వుతుంది ఉత్తరాలు పంచే వెర్నా. మార్లీ చెవులు ఎర్రబడతాయి. దరఖాస్తు పెట్టిన నాలుగు కాలేజీల్లో మూడు ముందే కాదన్నాయి. నాలుగోది పోయినవారం కాదంది.

నిన్న ఆ నాలుగో కాలేజీ నుంచే ఇంకో కవరు వచ్చింది. అది కోల్బీ పేరు మీద ఉంది. ఆమెతోపాటే ప్రవేశపరీక్ష రాసి, పోయిన వేసవిలో క్వారీ నీళ్లలో మునిగి చనిపోయిన కవల తమ్ముడు. "నీలాంటి విద్యార్థి కోసమే చూస్తున్నాం కోల్బీ." అవే మాటలు, అదే సంతకం.

"పొయ్యిలో పడెయ్యవే దాన్ని," అంది అమ్మమ్మ, మొహం తిప్పుకుని.

మార్లీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎప్పటిలాగే కుదురుగా రాసింది: "కోల్బీ ఇక రాలేడండి. వాడి సీటు నాకిస్తారా?"