పలక మీద పేరు లేని మనిషి

పాత పోలీసు ఫోటోలంటే నాకు పిచ్చి. ఛాతీ దగ్గర పలక పట్టుకుని కెమెరా ముందు నిలబడ్డ ఆ ముఖాల్ని గంటలకొద్దీ చూస్తూ కూర్చుంటాను. మా ఆవిడ దీన్ని రోగమంటుంది. కిందటి నెల టెక్కలిలో పాత కాగితాలు కొనే కొట్లో యాభై రూపాయలకి ఒకటి దొరికింది. పాతికేళ్ళ కుర్రాడు. పలక మీద అంకె ఉంది గానీ పేరుండాల్సిన చోట ఖాళీ. ఫోటో వెనక పెన్సిలుతో ఉద్దానం తీరంలోని ఒక ఊరి పేరు. చొక్కాకి మెడ కింది గుండీ ఒక్కటే లావుపాటి దారంతో కుట్టి ఉంది. ఎవరితను, పేరెందుకు రాయలేదు? ఉండబట్టలేక బయల్దేరాను.

విశాఖలో పొద్దున్నే రైలెక్కి పదిన్నరకి పలాసలో దిగాను. పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఇడ్లీ తిని షేర్ ఆటోల దగ్గరికెళితే మనుషులు నిండేదాకా కదలవన్నారు. అంత ఓపిక లేక రానూపోనూ ఆరువందలకి ఆటో మాట్లాడుకున్నాను. జీడిపిక్కల వాసన టౌను దాటేదాకా వెంట వచ్చింది. తర్వాత జీడి, కొబ్బరి తోటల మధ్య ముప్పావుగంట ప్రయాణం. డ్రైవరు అప్పారావు ఫోటో చూసి నవ్వాడు.

"దొంగోడి ఫొటో వొట్టుకుని ఆలింటికే ఎల్తన్నారేటి సార్? ఊరుకుంటారా?"

అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు. సిగ్గేసింది. పలక కనబడకుండా ఒక అట్టముక్క అడ్డంపెట్టి క్లిప్పు తగిలించాను.

ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తున్న ఒక ముసలామె దగ్గర ఆగి ఫోటో చూపించాను. ఆమె ముందుగా ఆ గుండీ మీద వేలు పెట్టింది.

"వలదారంతో నానే కుట్టినాను. ఇంట్లో వేరే దారం నేకపోనాది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా ఇంటాయన బాబూ," అంది.

ఇసుకలోనే కూర్చుని చెప్పుకొచ్చింది.

"ఎవుడికోసమో ఎతుకుతా ఈయన్ని వొట్టుకున్నారు. పేరు సెప్తే అబద్దం పేరన్నారు. పెళ్ళాన్నడుగుదామని నా కాడికొచ్చినారు. మొగోళ్ళందరూ ఏటకెళ్ళిపోనారు, ఆడోళ్ళు బయపడి తలుపులేసుకున్నారు. మొగుడి పేరు నోటితో ఎలా సెప్తాను బాబూ? ఆయుస్సు తగ్గిపోద్దని మాయమ్మ సెప్పినాది. నేల సూసి నిలబడ్డాను. దాత్తన్నాననుకున్నారు, ఎనక మొగోళ్ళెల్లి సెప్పినా నమ్మనేదు. మూడు నెలలు ఉంచేసినారు."

అసలు మనిషి దొరికాక వదిలేశారట. తిరిగొచ్చాక ఆయన మిమ్మల్ని ఏమీ అనలేదా అని అడిగాను.

"నవ్వేవోడు. నా ఆయుస్సు కాపాడినావే అనేవోడు. తిట్టినా బాగున్ను. ఆ నవ్వుకే నాకు ఏడుపొచ్చేది."

ఆయన కిడ్నీ జబ్బుతో పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో తుఫానుకి ఇంటి కప్పుతో పాటే పోయింది. ఆమె నన్నేమీ అడగలేదు, ఫోటో మాత్రం వదల్లేదు. నా దగ్గరున్న వాటిలో ఇంత మంచిది ఇంకోటి లేదు. ఇవ్వడానికి మనసొప్పలేదని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ చేతుల్లోంచి ఎలా లాక్కోను? మీరే ఉంచుకోండమ్మా అన్నాను. అట్ట తీసి, పలక మీది ఖాళీ చూపించి, ఇక్కడ పేరు రాయమంటారా అని పెన్ను తీశాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పారావు జాలిపడి, "పక్కింటోళ్ళనడిగొత్తాను సార్," అని కదిలాడు.

"ఆలెందుకు?" అంది ఆమె. "ఆ రోజు అడిగింది నన్ను కదా."

సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఇంటిపేరుతో సహా భర్త పేరు స్పష్టంగా చెప్పింది. ఆ ఖాళీలో అలాగే రాశాను. నాలుగు గంటలకల్లా కాశీబుగ్గ వచ్చేశాం.

ఇన్నాళ్ళూ ఆ ముఖాలు నాకు పొడుపుకథల్లాగే కనిపించాయి. ఒక్కో పలక వెనకా ఇంటి దగ్గర నోరు విప్పలేక నిలబడ్డ మనిషి ఉండొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. నేను వెతుక్కుంటూ వెళ్ళిన పేరు దొరికింది, కానీ దాన్ని ఇక్కడ రాయను. ఆమె జన్మలో ఒక్కసారే పలికిన పేరది. మీరూ ఇలాంటి ఫోటోతో ఎక్కడికైనా బయల్దేరితే ముందే ఒక కాపీ తీయించుకోండి. అసలుది మీతో తిరిగి రాకపోవచ్చు.