చిల్లచెట్టు బెరడు

మా అత్తయ్యగారు చింతలపూడి దాటాక వచ్చే ఒక మెట్ట ఊళ్ళో పుట్టి, కొల్లేటికోటకు కోడలిగా వచ్చింది. కొండవార చెట్లలో పెరిగిన పిల్లను తెచ్చి, కనుచూపు మేర నీళ్ళూ గుర్రపుడెక్కా తప్ప ఏమీ లేనిచోట కాపురం పెట్టించారు. వచ్చేటప్పుడు పెట్టెలో చీరల కింద చిన్న గుడ్డమూట తెచ్చుకుందట. అందులో ఉన్నవి చిల్లగింజలు. ఆ గింజను కుండ లోపలివైపు నాలుగు తిప్పులు అరగదీసి, బురదనీళ్ళు పోసి మూతపెడితే, కొన్ని గంటల్లో మడ్డంతా అడుక్కి దిగి నీళ్ళు తేరుకుంటాయి. కొల్లేటి నీళ్ళు తాగే ఊరికి అంతకన్నా మంచి సారె ఇంకేముంటుంది? వీధిలోవాళ్ళంతా గింజలు అడిగి పట్టుకెళ్ళేవారని మా ఆయన ఇప్పటికీ చెబుతారు.

ఇప్పుడు అందరికీ నీళ్ళ టిన్నులు ఆటోలో వస్తున్నాయి. ఏలూరులో మా దగ్గర ఉంటున్న ఈ రెండేళ్ళలో ఆవిడకు మాత్రం ఆ నీళ్ళు ఒక్కరోజు కూడా రుచించలేదు. గింజలు అయిపోయాయనీ, ఒకసారి పుట్టినూరి కొండకు తీసుకెళ్ళమనీ నన్ను అడుగుతూనే ఉండేది. నేను వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అంటూ దాటవేస్తూ వచ్చాను.

నేను కాలేజీలో బోటనీ చెబుతాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజుల్లో ఆవిడ పనులన్నీ నా ప్రాణానికి వచ్చేవి. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేది. టీ కప్పు బల్ల అంచున పెట్టి వదిలేసేది. తీసిన గేటు తీసినట్టే ఉండేది. "కాస్త చూసుకోండి అత్తయ్యగారూ" అని విసుక్కునేదాన్ని. "చూస్తూనే ఉన్నానమ్మా, చెయ్యి జారింది" అనేది. పొద్దున్నే వరండాలో కూర్చుని, బైబిలు ఒళ్ళో తెరిచి కీర్తన చదవడం మాత్రం మానలేదు. అది చూసి, కళ్ళు బాగానే ఉన్నాయి, ఉన్నదల్లా అశ్రద్ధే అని తీర్మానించుకున్నాను.

మొత్తానికి ఎండలు ముదరకముందే ఒక ఆదివారం బయల్దేరాం. నిజం చెప్పాలంటే ఆవిడ కోసం కాదు. కాలేజీలో మేం ఆకులూ కొమ్మలూ ఎండబెట్టి అట్టలకు అంటించి దాచే షీట్లు పాడైపోయాయి. కొత్తవి కావాలి. చింతలపూడిలో బస్సు దిగి, ఆటోలో పామాయిల్ తోటల మధ్యనుంచి కొండ మొదటిదాకా వెళ్ళాం. దారి పొడుగునా ఆవిడ నా జబ్బ వదల్లేదు. మోకాళ్ళ నొప్పులనుకున్నాను.

చెట్లలోకి అడుగుపెట్టాక ఆవిడ వేరే మనిషైపోయింది. దారి పక్కన ఒక మాను తగిలితే అరచెయ్యి ఆనించి, "నల్లమద్ది. ఎండిన చెరువు నెర్రెల్లా లేదూ?" అంది. ఒక రెమ్మ తుంచి, వేలికి పాలు అంటుకుంటే, "పాలకొడిశ" అంది. ముళ్ళపొద చీరకు తగులుకుంటే విడిపించుకుంటూ, "ఇది కలివి, దీనికి నామీద ఎప్పుడూ ప్రేమే" అని నవ్వింది. నేను వెనకాల ఫోటోలు తీసుకుంటూ, ఆకులు సంచిలో వేసుకుంటూ నడిచాను. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో అప్పటికీ నాకు తట్టలేదు.

కాసేపటికి ఒక లేత చెట్టు దొరికింది. ఎదురెదురుగా ఆకులు, ఒక్కో ఆకులో మొదలునుంచి చివరిదాకా సాగిన ఈనెలు. అట్టల మీద నేను వందసార్లు చూసిన ఆకు. "ఇదిగోండి మీ చిల్లచెట్టు" అన్నాను, పరీక్షలో ఫస్టు వచ్చినదానిలా.

ఆవిడ ఆకును బొటనవేలితో నిమిరింది. తర్వాత మాను వెతుక్కుని తడిమింది. "ఇది ముష్టి అమ్మాయ్. ఆకులు అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. బెరడు చూడు, ఎంత నున్నగా ఉందో. చిల్లకు గరుకు, లోతు పగుళ్ళు. నోట్లో పెట్టుకునేవు సుమా, విషం" అంది.

నా ముఖం చిన్నబోయింది. ఎన్నేళ్ళుగానో పాఠాలు చెబుతున్నాను. మా అట్టల మీద ఆకులుంటాయి, పువ్వులుంటాయి, బెరడు ఉండదు. ఆ లోటు నాకు ఆవేళే తెలిసింది.

"మా చిల్లచెట్టు ఇక్కడే ఉండాలమ్మా, ఈ బండల దగ్గరే. కొట్టేశారంటావా?" అంది ఆవిడ.

నేను తలెత్తాను. చెట్టు మాకు సరిగ్గా ఎదురుగా, పది అడుగుల దూరంలో ఉంది. నల్లటి మాను, లోతైన పగుళ్ళు, కింద రాలిన గింజలు. ఆవిడ ముఖం కూడా అటే తిరిగి ఉంది.

ఉప్పూ, టీ కప్పూ, గేటూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బైబిలు గుర్తొచ్చింది. ఎన్ని కీర్తనలు చదివినా ఆవిడ పేజీ తిప్పగా నేను చూడలేదు. అన్నీ ఆవిడకు కంఠతానే. నా నోటికి భయపడి ఆవిడ చీకటిని దాచుకుందని అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను.

"ఉందండీ, కొట్టెయ్యలేదు" అని చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి అరచేతిని మాను మీద పెట్టాను. ఆవిడ చెంప కూడా ఆనించి, చాలాసేపు అలా నిలబడిపోయింది. నేను కింద కూర్చుని గింజలు ఏరాను. కనపడటం లేదన్న మాట ఆవిడ అనలేదు, నేను అడగలేదు.

మర్నాడు నా కళ్ళజోడు మార్పించుకోవాలని వంక పెట్టి, ఆవిడను తోడు తీసుకెళ్ళాను. పోయిన చూపు రాదనీ, మిగిలిన కాస్తా నిలవాలంటే రోజూ చుక్కలు వెయ్యాలనీ డాక్టరు నాతో చెప్పారు. ఆవిడ చుక్కలు వేయించుకుంది కానీ, "నాకు బాగానే కనపడుతోందమ్మా" అనడం మానలేదు. నేను విసుక్కోవడం మానేశాను. తడిమితే తెలిసేలా ఉప్పు డబ్బాకు తాడు కట్టాను. కప్పు చేతికే అందించడం మొదలుపెట్టాను.

వారం తర్వాత మా ఆయన కొల్లేటికోట వెళ్ళి, నేను చెప్పినట్టే బిందెడు కొల్లేటి నీళ్ళు తెచ్చారు. ఆవిడ నేలమీద కూర్చుని, కొత్త కుండ ఒళ్ళో పెట్టుకుని, లోపలివైపు గింజను మెల్లగా, ఎంతో ఇష్టంగా అరగదీసింది. నేను నీళ్ళు పోశాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం కుండ దగ్గరికి చేరాం. ఆవిడ మూత తీసి, లోపలికి వంగింది. వేళ్ళతో కుండ అంచు తడిమింది.

"నాకు కనపట్టం లేదమ్మాయ్" అంది. "చెబితే పొయ్యి దగ్గరికి రానివ్వవేమోనని దాచాను. తేరాయా? నువ్వు చూసి చెప్పు."

తేరాయని చెప్పి సంతోషపెట్టాలని నోటిదాకా వచ్చింది. వంగి చూశాను. పైన తేటపడుతున్నాయి, అడుగున ఇంకా మసగ్గానే ఉన్నాయి.

"ఇంకా లేదండీ. సగమే తేరాయి" అన్నాను.

ఆవిడ మూత పెట్టేసి, నా చెయ్యి వెతికి పట్టుకుని, "అయితే ఇంకాసేపు కూర్చుందాం" అంది.