గాలి మూతకు కట్టిన గుడ్డపీలిక

వీధి చివర రేకుల షెడ్డులో గింజలు శుభ్రం చేసే మనిషిని అందరూ చేటత్త అనేవాళ్ళు. అసలు పేరు ఒకటుండేది గానీ, పిలిచేవాళ్ళు లేక అది ఏనాడో మూలపడింది. ముప్పై ఏళ్ళు చేట పట్టిన చెయ్యి ఆమెది. గింజల్ని పైకెగరేసి, అవి తిరిగి చేటలో పడే చప్పుడు విని, కళ్ళు మూసుకునే "ఇందులో తాలుంది" అనేసేది. తాలంటే లోపల ఏమీ లేని ఉత్త పొట్టు గింజ. గట్టి గింజ పడితే టక్కుమంటుంది, తాలు పడితే పడినట్టే తెలీదు.

ఖాళీగా కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఇంట్లో ఉంటే కూతురి బొత్తాల డబ్బా చేటలో పోసుకుని, విరిగినవీ మంచివీ వేరుచేస్తూ వీధిలో కబుర్లన్నీ చెప్పేది.

"అమ్మా, బొత్తాల్లో కూడా తాలుంటుందా?" అని కూతురు వేళాకోళం చేసేది.

"మీ ఆయన చొక్కాకి నువ్వు కుట్టినవి చూసుకో, అన్నీ తాలే. నిన్న ఒకటి గాలికే ఊడి పడింది."

ఆ చొక్కా తొడుక్కునే అల్లుడు కూడా షెడ్డులోనే పని. బస్తాలు దించేవాడు, ఎత్తేవాడు. ఈ కోతలకు ముందు షెడ్డు యజమాని ఒక మిషను కొని, దాన్ని నడిపే పని అల్లుడికి అప్పజెప్పాడు. షెడ్డు తాళాలు కూడా అతనికే ఇచ్చాడు. తాళాలు మొలకు కట్టుకున్న రోజు అల్లుడు నడిచిన నడక చూసి వీధి వీధంతా నవ్వింది.

మిషను వచ్చిన రోజు చేటత్త దాని చుట్టూ తిరగని తిరుగుడు లేదు. పైన తొట్టి. అందులో పోసిన గింజలు కింద వణికే జల్లెళ్ళ మీద పడతాయి. పై జల్లెడవి పెద్ద కన్నాలు, గడ్డిపరకలూ మట్టిబెడ్డలూ దానిమీదే ఆగిపోతాయి. కింది జల్లెడవి సన్న కన్నాలు, ఇసుక జారిపోయి గింజ పైన నిలుస్తుంది. ఆ గింజ సంచిలోకి దూకబోతుండగా ఫ్యాను గాలి కొడుతుంది. పొట్టూ తాలూ ఎగిరి, గొట్టంలోంచి షెడ్డు వెనక్కి పోయి పడతాయి.

"అల్లుడూ, దీనికి నడుం నొప్పి రాదా?"

"రాదత్తయ్యా."

"దాహం?"

"వెయ్యదు."

"మరి నోరో?"

"నోరు మాత్రం మీకన్నా పెద్దదే" అని అల్లుడు మీట నొక్కాడు. ఆ చప్పుడికి చేటత్త రెండు చెవులూ మూసుకుంది. అయినా అక్కణ్ణించి కదల్లేదు.

యజమాని మంచివాడే. "అత్తా, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. మిషను పక్కన కూర్చుని, తప్పించుకొచ్చిన రాళ్ళు ఏరు. కాస్త ఊడ్చిపెట్టు" అన్నాడు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. ఒక్కటే బాధ, దుమ్ము. మధ్యాహ్నానికల్లా మొహం పిండిలో ముంచి తీసినట్టయ్యేది.

వారం తిరక్కుండా దానికీ మందు కనిపెట్టింది. మిషనుకూ గోడకూ మధ్య జానెడు సందుంది. అల్లుడి పొట్ట అందులో పట్టదు గానీ చేటత్త చీపురుతో సహా దూరిపోయేది. అక్కడ ఫ్యాను పక్కన అరచేయంత రేకు మూత కనిపించింది. మిషను బిగించి పోయినవాళ్ళు దాన్ని ఏ కాస్తో తెరిచి వదిలేశారు. ఇంకాస్త లాగి చూసింది. లోపలి దుమ్మంతా సర్రున గొట్టంలోకి పోయింది! పిసినారి వెధవలు, గాలి దగ్గర కూడా పొదుపేనా అనుకుని, మూత పూర్తిగా తెరిచి, పాత దుప్పటి అంచు చింపి, అది మళ్ళీ మూసుకుపోకుండా గట్టిగా ముడేసింది. ఆ రోజునుంచి షెడ్డులో దుమ్ము లేదు, సంచుల్లో గింజలు ముత్యాల్లా మెరుస్తున్నాయి. తను చేసిన ఘనకార్యం ఎవరికీ చెప్పలేదు. అంత నోరున్న మనిషి అదొక్కటి ఎందుకు చెప్పలేదంటే, ఎవరైనా "దుమ్మెలా పోయిందత్తా?" అని అడిగితే అప్పుడు చెబుదామని. ఒక్కరూ అడగలేదు.

అడక్కపోగా ఇంకో గొడవ మొదలైంది. సరుకు తెచ్చినవాళ్ళు సంచులు అనుకున్నంత నిండడం లేదని గొణగసాగారు. చివరికొక సాయంత్రం మీసాల రైతొకాయన షెడ్డు మధ్యలో నిలబడి అరిచాడు.

"మా పొలంలో ఉన్న గింజలు మీ షెడ్డులోకి రాగానే చిక్కిపోతున్నాయా ఏంటి? ఎవరింటికి నడిచిపోతున్నాయో, తాళాలు పెట్టుకు తిరిగేవాణ్ణి అడగండి!"

అందరూ అల్లుడి వైపు చూశారు. నిజం చెప్పాలంటే అతనికీ ఏమీ తెలీదు. యజమాని అతని మొహం చూడకుండానే అన్నాడు: "రేపు ఈయన మిగతా సరుకు తెస్తాడు. రేపు కూడా తగ్గితే తాళాలు నాకిచ్చి వెళ్ళిపో."

ఇంటికొచ్చి అల్లుడు అన్నం ముట్టలేదు. కూతురు కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లో గిన్నెలు సర్దినవే సర్దుతోంది.

"అత్తయ్యా, మీరూ నన్ను అనుమానిస్తున్నారా?"

"పంచదార దొంగతనంగా తిని డబ్బా మూత పెట్టడం మర్చిపోయే మనిషివి. నీకు దొంగతనం ఏం చేతనవుతుంది? లే, అన్నం తిను" అంది చేటత్త. అల్లుడు నవ్వలేక నవ్వాడు.

తెల్లారింది. చేటత్తకు అయిదు కోళ్ళున్నాయి. రోజూలాగే దోసెడు నూకలు చల్లింది. కోళ్ళు వాటివంక చూసి, పెళ్ళిభోజనం చేసొచ్చిన పెద్దమ్మల్లా బరువుగా పక్కకి తప్పుకున్నాయి.

"ఓసి మీ మొహాలు మండ! నా నూకలు మీ కంటికి ఆనట్లేదా? ఏ విందు ఇంటికి పోతున్నారే?"

అడిగి ఊరుకునే మనిషా? వాటి వెనకే పడింది. కోళ్ళు వీధి దాటాయి, షెడ్డు పక్క సందులోంచి పోయాయి, గొట్టం కింద పోగుపడిన పొట్టులో మెడదాకా దూరిపోయాయి. చేటత్తకు అనుమానం తగిలింది. పరుగున ఇంటికెళ్ళి చేట తెచ్చి, దోసెడు పొట్టు పోసి ఎగరేసింది.

టక్. టక్. టక్.

అన్నీ గట్టి గింజలే. కంటిముందు రేకు మూత కదిలింది, దానిమీద తన దుప్పటి అంచు.

ఆమెకు అప్పుడు వెలిగింది. ఈదురుగాలి వచ్చినప్పుడు ఇన్నేళ్ళూ తనేం చేసింది? చెయ్యి కిందికి దించింది. గింజ కొంచెం ఎత్తునుంచే పడితే గాలికి చిక్కదు. ఆలోచించి చేసింది కాదు, చెయ్యే చేసుకుపోయింది. అందుకే గాలి ఎక్కువైతే నష్టమని ఏనాడూ తట్టలేదు. మిషను చెయ్యి దించదుగా! అది ఎంత గాలి ఉంటే అంతా కొట్టి, తాలుతోపాటు మంచి గింజనీ గెంటేస్తోంది.

సందులో దూరి ముడి మీద చెయ్యేసింది. విప్పేస్తే సరి, ఎవడికీ తెలీదు. ఇవాళ తూకం సరిపోతుంది, అల్లుడి పని నిలుస్తుంది.

చెయ్యి ఆగిపోయింది. నిన్న అరిచారు, ఇవాళ తూకం సరిపోయిందంటే ఏమనుకుంటారు? దొంగ భయపడ్డాడనేగా! తాళాలు ఉంటాయి, పేరు పోతుంది. ఆ పేరు జీవితాంతం వాడి మొలకే వేలాడుతుంది.

ముడి అలాగే ఉంచి బయటికొచ్చింది.

మీసాల రైతు బండి వచ్చేసరికి షెడ్డు తలుపులో చేట పట్టుకుని నిలబడి ఉంది. "మిషను తరవాత. ముందు అందరూ షెడ్డు వెనక్కి రండి, దొంగను చూపిస్తా."

రైతు మీసం దువ్వుకుంటూ నడిచాడు. యజమాని వచ్చాడు. అల్లుడు మొహం పాలిపోయి అందరికన్నా వెనకాల వచ్చాడు. గొట్టం కింద అయిదు కోళ్ళూ తలలెత్తి చూశాయి.

"వీళ్ళు దొంగిలించిన సొమ్ము తినేవాళ్ళు" అని చేటత్త కోళ్ళను చూపించింది. తరవాత పొట్టు ఎత్తి నాలుగుసార్లు చెరిగింది. పొట్టు పోయింది, చేట నిండా గింజ మిగిలింది. "ఇదీ దొంగసొత్తు. ఇక దొంగ!" అని యజమాని వైపు తిరిగింది. "బాబూ, మిషను వెనక గాలి మూతకొక గుడ్డపీలిక ఉంటుంది, చూసి రండి. అది మా ఇంటి దుప్పటిది. కట్టింది నేనే. దుమ్ముకి ఓర్చుకోలేక చేశాను. మా అల్లుడికి దాని సంగతే తెలీదు. పంపిస్తే నన్ను పంపండి."

ఒక కోడి చేటలోకి మెడ చాచి రెండు గింజలు ఏరుకుంది. అంతే, యజమాని కడుపు పట్టుకుని నవ్వాడు. "అత్తా, నిన్ను పంపిస్తే ఈ పోగంతా ఎవరు చెరుగుతారు?"

మీసాల రైతు అల్లుడి దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "తమ్ముడూ, నిన్న అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా."

"తీసుకోకపోయినా ఫరవాలేదన్నా. మా అత్తయ్య ఉందిగా, ఏదైనా గాలికి కొట్టుకుపోతుంది!" అన్నాడు అల్లుడు. నిన్నటినుంచి అతను నిండుగా నవ్వింది అప్పుడే.

మిషను ఆడించారు. చేటత్త సందులో దూరి ముడి విప్పి, మూతను కొంచెం కొంచెంగా మూయసాగింది. అల్లుడు గొట్టం దగ్గర అరచెయ్యి పట్టి, "ఇంకా గింజ వస్తోంది... ఇంకా... ఆఁ, తాలే!" అని కేకేశాడు. ఆమె అక్కడ మూత ఆపి ఎర్రరంగుతో గీత గీసింది. ఆ సాయంత్రం రైతు సంచులు మూతి కట్టడానికి చోటు లేనంత నిండాయి. వెనకపోగు చెరగడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. ఎవరి వంతు గింజ వాళ్ళకి ముట్టింది. దుమ్ముకి యజమాని ఒక కిటికీ కొట్టించాడు.

అయిదో రోజు కోళ్ళు గొట్టం కిందికెళ్ళి, పైకి చూసి, చాలాసేపు నిలబడ్డాయి. ఆ తరవాత వరసగా ఇంటికొచ్చి చేటత్త ముందు ఆగాయి.

"వచ్చారా తల్లీ! ఇప్పుడు ఆనుతున్నాయా నా నూకలు?" అంటూ ఆమె దోసిలి విప్పింది.

గుమ్మంలో అల్లుడు షెడ్డుకి బయల్దేరుతున్నాడు. మొలకి తాళాలు గలగలమంటున్నాయి. వాటికి కట్టింది కొత్త తాడేం కాదు, పాత దుప్పటి అంచు.