గడ్డిచామంతికి గడ్డిమందు

గడ్డిచామంతి మీద నాకున్నంత కోపం ఆ రోజుల్లో పోలీసుల మీద కూడా లేదు. నవ్వకండి. కోరుట్లలో మా ఇంటి పెరట్లో నేను ముచ్చటపడి వేసుకున్న కొత్తిమీర మడిని, అసలు చామంతి పిలకలను అది మింగేసింది. పీకితే వేరు లోపలే తెగి మళ్ళీ చిగురు పెట్టేది. పారతో నరికితే ప్రతి ముక్కా తడి నేల తగిలిన చోట వేళ్ళు దించేది. పసుప్పచ్చ బొడ్డు, చుట్టూ ఐదు తెల్ల రేకులు, చూడబోతే పాపం అనిపిస్తుంది. ఎండాక దూదిలాంటి గింజలు గాలికి లేచి పెరడంతా పడేవి. దానికి గొంతంటూ ఉంటే పిసికి చంపేదాన్ని!

దాన్ని పెంచేది మా అత్తమ్మ. గోడ పొడుగునా చెంబుతో నీళ్ళు కూడా పోసేది. ఆమెకది గాయపాకు. జీవితమంతా కూలికి పోయిన మనిషి. కొడవలి తగిలి చెయ్యి తెగితే ఆ ఆకు నలిపి పసరు పిండటమే ఆమెకు తెలిసిన వైద్యం.

"పూలు గింజలుగాక ముందే తెంపు, గోడ పక్క దాటి రానియ్యకు. గంతే. సంపుతనంటవేందే దాన్ని?" అనేది.

"నువ్వే తెంపుకో అత్తమ్మా, నాకేం పనిలేదా?" అనేదాన్ని.

తెలంగాణ కోసం పూటకో బంద్ నడుస్తున్న కాలమది. ఒక మబ్బు పట్టిన పొద్దున మా ఆయన జగిత్యాలలో రాస్తారోకో ఉందని వెళ్ళాడు. అత్తమ్మ వీధి చివర దీక్ష శిబిరానికి పోయింది. ఇల్లు ఖాళీ. బీర్పూర్‌లో మా పుట్టింటివాళ్ళు మొక్కజొన్న చేనుకు కొట్టగా మిగిలిన గడ్డిమందును నేను ముందే తెచ్చి దాచుకున్నాను. మగ్గులో కలిపి, వేపకొమ్మ ముంచి గోడ పొడుగునా చల్లాను. "చావు, చావు" అని తిడుతూ చల్లాను. ఎంత హాయిగా ఉండిందో!

మధ్యాహ్నం కాకముందే ఇద్దరు స్నేహితులు మా ఆయన్ను బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకొని తెచ్చారు. లాఠీ దెబ్బకు నెత్తి చీలింది. రక్తం కన్ను మీదుగా కారి చొక్కా తడిసిపోయింది. "దవఖానకు పోతే పేర్లు రాసుకుంటున్నరు వదినా, కేసులు పెడుతున్నరు," అన్నారు వాళ్ళు. వెనకే అత్తమ్మ ఉరికొచ్చింది. కొడుకును ఒక్కసారి చూసి, ఏడవకుండా నేరుగా పెరట్లోకి పోయింది.

చెబితే నా గతేమిటో తెలుసు. చెప్పకపోతే ఆయన గతేమిటో కూడా తెలుసు. ఆ మందు ఒంట్లోకి పోయినవాళ్ళు దవఖాన నుంచి నడిచి రావడం నేను చూడలేదు. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. ఆమె వాటిని అరచేతుల్లో నలుపుకుంటూ వచ్చి, కొడుకు నెత్తి మీదికి వంగింది.

ఆ చేతిని బలంగా కొట్టాను. ఆకు ముద్ద ఎగిరి గోడకు తగిలింది.

"పెట్టకు! పొద్దున దాని మీద గడ్డిమందు గొట్టిన!"

ఆ పసరు చేత్తోనే నా చెంప పగలగొట్టింది. మళ్ళీ కొట్టింది. జుట్టు పట్టుకుని గోడకు ఈడ్చింది. "నా కొడుకు పాణం దీద్దామనుకున్నవానే!" తెచ్చినవాళ్ళు మమ్మల్ని విడదీశారు. ఆయన గాయానికి తువ్వాల చుట్టి, అదే బండి మీద దవఖానకు తీసుకుపోయారు. ఏడు కుట్లు పడ్డాయి. పేరూ రాసుకున్నారు. మర్నాడు పోలీసులు వచ్చి పట్టుకుపోయారు, పది రోజులకు వదిలారు. ఆ పది రోజులూ అత్తమ్మ నేను వండింది ముట్టలేదు.

గోడ కింద అంతా మాడిపోయింది. వానలు పడగానే మళ్ళీ మొలిచింది, సిగ్గులేనిది! ఈసారి నేనే ఇటుకలు పాతి హద్దు కట్టాను. వారం వారం పూలు తెంపేశాను. హద్దు దాటిన తీగను వేరుతో సహా తవ్వి ఎండలో పడేశాను. అత్తమ్మ చూస్తూ ఉండేది.

మరుసటి ఏడు గడ్డి కోస్తుంటే కొడవలి నా వేలును ఎముక దాకా కోసింది. నా అరుపు విని అత్తమ్మ వచ్చింది. గుప్పెడాకు తెంపి, నల్లా కింద పెట్టి కడిగింది. మళ్ళీ కడిగింది. నా వేలు నుంచి రక్తం ధారగా కారుతోంది.

"మందు గొట్టక ఏడాదైంది అత్తమ్మా," అన్నాను.

"ఎరుకే," అని, ఆకును మూడోసారి కడిగింది.