అమ్మ ఒంట్లో దొంగలకు పస్తు

మాది బందరు వైపు నేతపని ఊరు. మగ్గం మీద పోగు తెగితే అమ్మ కళ్లు మూసుకుని ముడి వేసేది. రెండువేల సంవత్సరం దాటాక ఆ వేళ్లు ఉబ్బి వంకర్లు పోయాయి. రవిక హుక్కులు కూడా నేనే పెట్టాల్సి వచ్చేది. విజయవాడలో ఒక డాక్టరమ్మ చూసి, ఇది వయసుతో వచ్చే కీళ్లనొప్పి కాదంది.

"రోగాల మీద పోరాడాల్సిన కణాలే మీ కీళ్ల మీద పడుతున్నాయమ్మా. కంచే చేను మేస్తోంది. అలా రెచ్చిపోయిన కణాలు పంచదారను తెగ తినేస్తాయి. దాని మీద పరిశోధనలు కూడా జరుగుతున్నాయి."

ఆవిడ మందులు రాసి, ఎలా వేసుకోవాలో ఓపిగ్గా చెప్పింది. అమ్మ చెవికెక్కింది పంచదార ముక్క ఒక్కటే.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా. నేను పస్తు పెట్టి చంపుతా చూడు," అంది తిరుగు బస్సులో.

ముందు టీలో పంచదార మానేసింది. తర్వాత బెల్లం, అరటిపండు. అన్నం కూడా లోపలికెళ్లి పంచదారే అవుతుందని ఎవరో చెప్పారు, వాళ్ల నోట మన్నుపడ! దాంతో అన్నమూ మానేసి మజ్జిగతో, ఆకుకూరతో సరిపెట్టుకుంది. మనిషి పుల్లలా అయిపోయింది గాని వాపు తగ్గలేదు. బతిమాలాను, అరిచాను, ఒకరోజు కంచం విసిరికొట్టాను. నాకు దిక్కు తోచలేదు. అమ్మకు మళ్లీ మగ్గం ఎక్కాలని, అంతే.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్తుంటే ఉయ్యూరులో చెరుకు ఆడుతున్న ఫ్యాక్టరీ వాసన బస్సులోకి గుప్పున కొట్టింది. అమ్మ మోచేత్తో కొంగు ఎగదోసి ముక్కు మూసుకుంది.

"వాసన కూడా వాటికి దక్కనివ్వను."

పక్క సీటువాళ్లు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ అమ్మ బరువు చూసి తల పట్టుకుంది. "మీరు తినకపోతే ఒళ్లు తన కండనే కరిగించి పంచదార చేసుకుంటుందమ్మా. ఆ కణాల వాటా అవి లాక్కుంటాయి. పస్తుండేది మీరే. అన్నం తినండి, మందులు మానకండి. వాపు తగ్గుతుంది. వేళ్ల వంకర మాత్రం ఇక పోదు."

ఆ చివరి మాటకు అమ్మ ముఖంలోకి చూడలేకపోయాను.

ఇంటికొచ్చి వేడన్నంలో పప్పు, నెయ్యి కలిపి ముద్ద అమ్మ నోట్లో పెట్టాను. మింగకుండా చాలాసేపు బుగ్గన పెట్టుకుని కూర్చుంది. ఎలాగో మింగి నావైపు చూసింది.

"ఎవరికి పెడుతున్నావే, నాకా, వాటికా?"

రెండో ముద్ద కలిపాను.